మామ వేళ్లలో నా పరుగు

వేలిముద్రలు చూసి పిల్లల ఆట చెప్పేవాళ్లంటే నాకిప్పుడు కోపం కూడా రాదు, నీరసం వస్తుంది. గోదావరిఖనిలో నేను ఆటల టీచరుగా పనిచేసే ప్రైవేటు బడికి మొన్న ఒక తల్లి వచ్చింది. చేతిలో నిగనిగలాడే రంగుల కాగితాల పుస్తకం. పట్నం నుంచి వచ్చినవాళ్లెవరో ఆమె కూతురి పది వేళ్లూ మిషన్ మీద పెట్టించి, దవడలో దూదిపుల్ల తిప్పి, ఈ పిల్లకు షటిల్ తప్ప మరో ఆట పనికిరాదని రాసిచ్చారట. ఆ పిల్ల మా బడిలో కబడ్డీ ఆడుతుంది. అది కూతకొస్తే ఎదుటి జట్టు పిల్లలు వెనక గీత దాకా జరుగుతారు.

"ఇగ కబడ్డీ బంద్ జేయించున్రి మేడం. సైన్సు జెప్పినంక మనం కాదంటమా" అంది ఆమె.

నేను సరేననలేదు, వద్దనలేదు. రేపు మాట్లాడదామన్నాను. ఆ పుస్తకం తెరవకుండానే లోపల ఏముంటుందో నాకు తెలుసు. చక్రాలు, శంఖాలు, విల్లులా వంగిన గీతలు. వాటి కింద తల్లి వైపు నుంచి ఏమొచ్చింది, తండ్రి వైపు నుంచి ఏమొచ్చింది అని రెండు భాగాలు. అందులో తండ్రి భాగం దగ్గరే నా పరుగు ఆగిపోయింది.

ముందు మా బాపు సంగతి చెప్పాలి. బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు నింపే ఫిల్లర్. కంపెనీ కాగితాల్లో బాపు పేరు బాపుది కాదు. అది మా మామది, అంటే నన్ను కన్న మా అవ్వకు సొంత అన్నది. బాయిల్లోకి మనుషుల్ని తీసుకుంటున్న రోజుల్లో పిలుపు మామకు వచ్చింది. మామ వెళ్లి ఆఫీసులో బొటనవేలు ముద్ర వేసి, ఒకే ఒక్క షిఫ్టు లోపలికి దిగాడు. పైకొచ్చి కడుపులో ఉన్నదంతా కక్కుకుని, నెత్తి మీద మన్నుండే చోట నేను బతకనంటూ ఊరి బస్సెక్కాడు. వచ్చిన నౌకరి ఊరికే పోతుందని, అదే ఊరివాడైన బాపు ఆ పేరు చెప్పుకుని మరుసటి షిఫ్టుకు దిగాడు. మసి మొహాల్లో ఎవరు ఎవరో ఆ రోజుల్లో ఎవరు చూశారు గనక. మా వైపు ఇలాంటివాళ్లు తక్కువేం కాదు, మారుపేరు కార్మికులంటారు. కొన్నేళ్లకు మామే తన చెల్లెల్ని కూడా బాపుకిచ్చి పెళ్లి చేశాడు. పేరిచ్చిన, పిల్లనిచ్చిన, ఇంకేం కావాలె బావా అని మామ ఆటపట్టించేవాడు. ఆ పేరు మొయ్యలేక నడుం వంగిపోతున్నదని బాపు బదులిచ్చేవాడు.

అలా క్వార్టర్ మామ పేరు మీద వచ్చింది. దవాఖాన కార్డు మామ పేరు మీదే. బడిలో నా తండ్రి పేరు అడిగితే నేను తడుముకోకుండా మామ పేరు చెప్పేదాన్ని. కాగితాల ప్రకారం మా అవ్వ తన సొంత అన్నకే భార్య. కాలనీలో అది ఎవరికీ వింత కాదు, అందరికీ తెలుసు, ఎవరూ అనరు. కాకపోతే ఇంట్లో ఒక భయం ఎప్పుడూ ఉండేది. గిట్టనివాడెవడైనా ఆకాశరామన్న ఉత్తరం రాస్తే విజిలెన్సు వాళ్లొస్తారు, నౌకరి పోతుంది, క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. మా వరుసలోనే ఒక ఇల్లు అట్లా ఖాళీ అయింది. వాళ్లు మంచాలూ బోళ్లూ ట్రాలీలో వేసుకుంటుంటే ఎవరూ తలుపు తెరవలేదు. మేమూ తెరవలేదు.

నాకు పరుగు వచ్చని మొదట కనిపెట్టింది బాపే. పేరుకు తగ్గట్టు కాకపోయినా రక్తానికి తగ్గట్టు నాకు బాపు దమ్ము వచ్చింది. బాపు ఉరికితే వేగం ఏమీ ఉండదు, కానీ ఆగడు. నేను పుట్టిన రోజు కబురందగానే, బస్సు లేకపోతే బాయి నుంచి దవాఖాన దాకా బూట్లతోనే ఉరికొచ్చాడని అవ్వ చెప్పేది. వచ్చి కనీసం రొప్పలేదట, ఆడపిల్లా మొగపిల్లాడా అని కూడా అడగక మంచినీళ్లెక్కడున్నాయని అడిగాడట. నేను ఏడో తరగతికి వచ్చేసరికి పొద్దున్నే నన్ను లేపి గోదావరి వైపు రోడ్డు మీద ఉరికించేవాడు. తను వెనక సైకిల్ మీద. ఒక పక్క బొగ్గు లారీల దుమ్ము, ఇంకో పక్క పవర్‌హౌస్ పొగగొట్టాలు, ఎండాకాలమైతే తెల్లారేసరికే తారు మెత్తబడేది.

"మొదట్లనే ఉరుకకు బిడ్డ. దమ్ము దాసుకో. బాయిల గూడ గంతే, మొదలే బలం మొత్తం పెట్టినోడు షిఫ్టు ఎల్లదియ్యడు" అనేవాడు.

నేను దమ్ము దాచుకునేదాన్ని. నా పరుగు సగం దాటాక మొదలయ్యేది. మిగతా పిల్లలు నోళ్లు తెరుచుకుని వెనకబడుతుంటే నాకు అప్పుడే ఒళ్లు తేలికయ్యేది. ఆ తేలికతనం కోసం పరుగెత్తేదాన్ని. బడిలో, మండలంలో, పొడుగు పందెం అంటే నాదే. పొట్టి పందెంలో నన్నెవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు, నేనూ తీసుకునేదాన్ని కాదు.

ఎనిమిదో తరగతి అయిన ఎండాకాలం కంపెనీ స్టేడియంలో ఒక క్యాంపు పెట్టారు. హైదరాబాద్ శివార్లలో ఉన్న ఒక ప్రైవేటు అకాడమీ వాళ్లు కార్మికుల పిల్లల్లోంచి కొందరు ఆడపిల్లల్ని ఏరుకుంటారట. హాస్టలు, చదువు, తిండి, శిక్షణ అంతా వాళ్లదే. అక్కడికి పోతే జాతీయ స్థాయి దాకా తలుపు తెరుచుకున్నట్టే అని మా బడి ఆటల సారు చెప్పాడు. ఆ సీటు నాకు రావాలి. ఆ ఎండాకాలం మా ఇంట్లో ఇంకో మాట లేదు, ఇంకో కోరిక లేదు.

అకాడమీ మనిషి క్యాంపుకు ముందురోజు తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి వివరించాడు. తెల్ల టీషర్టు, మెడలో విజిల్, మాట మర్యాదగా ఉంది. "ఇవాళ మీ పాప గెలవచ్చు, రేపు ఓడిపోవచ్చు. కాళ్లను నమ్మలేం. వేలి గీతలు తల్లి కడుపులో ఉన్నప్పుడే ఏర్పడతాయి, అవి మారవు. ఎవరికి వేగం ఉంది, ఎవరికి దమ్ముంది, వాటిలో తెలుస్తుంది. దవడ లోపల దూదితో తీసే తడిలో జన్యువులు తెలుస్తాయి. పిల్లది ఒక్కటే చూస్తే సరిపోదు, తల్లివీ తండ్రివీ కూడా చూస్తాం" అన్నాడు. అక్కడున్న బాయి కార్మికులు ఎవరి అరచేతులు వాళ్లు తిప్పి చూసుకున్నారు. తట్టలు మోసి, బొగ్గు ఎత్తి సగం అరిగిపోయిన వేళ్లు.

బాపు ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని తినలేదు.

"ముద్రలు యాడికి పోతయట?" అని అడిగాడు.

"వాళ్ల ఆఫీసుకే గావచ్చు" అంది అవ్వ.

"స్టేడియం ఎవలది? కంపెనీది. ఆడ నిలవడేది కంపెనీ డాక్టరు. ఆ ముద్రలు కంపెనీకి పోకుంట ఉంటయా? కంపెనీల మొదటి ముద్ర బావది. నా వేలు పెడితే రెండు ముద్రలు ఒక్క పేరు మీద దొర్కుతయి. అయిపాయె."

"మరి పిల్ల సంగతేంది?"

"బావను పిలిపిద్దాం. పేరు ఆయనది, మొదటి ముద్ర ఆయనది. ఆయనే పెడ్తడు."

అవ్వ గిన్నెలన్నీ సర్దింది. తర్వాత ఒక్కమాట అడిగింది. "ఎంగిలి గూడ తీస్తరట గదా. పిల్లకు మా అన్న ఎంగిలితోని ఏం పని?"

"పేరుకు ముద్ర కలవాలె. ఎంగిలి ఎవలు సూడొచ్చిన్రు" అన్నాడు బాపు.

ఇప్పుడు తల్చుకుంటే ఆ ముద్రలు కంపెనీ ఆఫీసు గడప కూడా తొక్కి ఉండవు. ఎవరూ దేన్నీ దేనితోనూ పోల్చలేదు. కానీ అన్నేళ్లు ఇంకొకరి పేరుతో బతికిన మనిషికి వేలు పెట్టమన్న ప్రతివాడూ విజిలెన్సు మనిషిలాగే కనిపిస్తాడు. బాపును తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆ భయంతోనే నా అన్నం, నా చదువు, నా బూట్లు వచ్చాయి.

క్యాంపు రోజు పొద్దున మామ మొదటి బస్సుకే దిగాడు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, భుజాన కండువా, నోట్లో పాన్. మామను ఎరిగినవాళ్లెవరూ ఆయన పరుగెత్తగా చూడలేదు. వానొచ్చి ఆరబోసిన పత్తి తడుస్తున్నా నడిచే వెళ్లే మనిషి. క్యాంపులో టేబుల్ ముందు రెండు కుర్చీలు వేశారు, తండ్రికొకటి, తల్లికొకటి. అవ్వ తన సొంత అన్న పక్కన భార్యగా కూర్చుంది. కొంగు మొహం మీదికి ఇంత లాక్కుంది. అకాడమీ మనిషి అది పల్లెటూరి సిగ్గు అనుకుని నవ్వాడు. దూదిపుల్ల తెచ్చేసరికి మామ, "పాన్ తిన్న సార్, ఏమన్న అయితదా?" అని అడిగాడు. నోరు కడుక్కుని రమ్మన్నారు. పది వేళ్లూ గాజు మీద పెట్టాడు. రైతు చేతులే గానీ బొగ్గు అంటని వేళ్లు, గీతలన్నీ స్పష్టంగా పడ్డాయి.

బాపు స్టేడియం కంచె అవతల చెరుకురసం బండి పక్కన, నెత్తి మీద రుమాలు కప్పుకుని నిలబడ్డాడు. ఆయన నాకు ముందే చెప్పి ఉంచాడు. "పందెం అయినంక నా దిక్కు సూడకు. మామ కాడికి పో. బాపూ అని పిలువు."

పరుగు పెట్టారు. పొడుగు పందెమే మొదట. నేను ఎప్పటిలాగే సగం దాకా దమ్ము దాచుకుని, తర్వాత ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చాను. గీత దాటగానే నా కాళ్లు కంచె వైపు తిరిగాయి. ఆపుకుని మామ దగ్గరికి వెళ్లాను. "బాపూ, గెలిచిన" అన్నాను. మామ నా తల మీద చెయ్యి పెట్టాడు, కానీ కళ్లు కిందికే ఉన్నాయి. కంచె అవతల బాపు చెరుకురసం గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. గెలిచినందుకే అని అందరూ అనుకున్నారు.

నెల తిరిగేలోపే ఫలితాలు చెప్పారు. సీటు నాకు వచ్చింది. అకాడమీ మనిషి రంగుల పుస్తకం తెరిచి మామకు చూపిస్తూ చదివాడు. తల్లి వేళ్లు మామూలు. పాప వేళ్లు అటూ ఇటూ కాకుండా ఉన్నాయి. తండ్రి వేళ్లలో మాత్రం విల్లు గీతలు ఎక్కువ, గీతల సంఖ్య తక్కువ. అది మెరుపు వేగానికి గుర్తు. తడి పరీక్ష కూడా ఆ మాటే బలపరుస్తున్నది. "మీ నుంచే పాపకు వేగం వచ్చిందండీ. పొట్టి పందేల్లో తయారు చేస్తాం" అని మామ చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఆ పూట మా క్వార్టర్లో నవ్వులే నవ్వులు. "గింత వేగం నాల ఉన్నదని నాకే తెల్వకపాయె బావా, తెలిస్తే బస్సు కోసం ఎదురుసూడకపోదును" అన్నాడు మామ. బాపు కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వాడు. పొట్టి పందెం అన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. సీటు వచ్చింది, అంతే విన్నాం. అవ్వ ఒక్కతే నన్నడిగింది, పొట్టి పందెం నీకు వస్తదా అని. చదువుకున్నోళ్లకు తెల్వదా అని బాపు ఆమెను ఊరుకోబెట్టాడు.

హాస్టల్లో దిగాక కష్టం రెండు వైపుల నుంచి మొదలైంది.

మొదటిది గేటు. ఆడపిల్లల హాస్టలు కాబట్టి తల్లిదండ్రులు తప్ప ఎవరూ లోపలికి రాకూడదని గేటు దగ్గర వేలు పెట్టే మిషన్ ఉంచారు. క్యాంపులో తీసుకున్న ముద్రలనే అందులో ఎక్కించారు. అవ్వ వేలు పెడితే పచ్చ లైటు, మామ వేలు పెడితే పచ్చ లైటు. నెలకో రెండు నెలలకో చూడటానికి అనుమతిచ్చిన ఆదివారం అవ్వా మామా లోపలికొచ్చి చింతచెట్టు కింద నా పక్కన కూర్చునేవారు. బాపు కూడా వాళ్లతోపాటే రామగుండంలో రైలెక్కి వచ్చేవాడు, కానీ రోడ్డవతల చాయ్ హోటల్ బెంచీ మీద ఆగిపోయేవాడు. అవ్వ తెచ్చిన సర్వపిండి తింటూ నేను గేటు సందులోంచి ఆ బెంచీ వైపు చూసేదాన్ని. బాపు చెయ్యెత్తేవాడు కాదు. వాచ్‌మన్ చూస్తాడని భయం. తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్‌లొచ్చి రైళ్లు ఆగితే ఆ మాత్రం కూడా ఉండేది కాదు. అట్లాంటి ఆదివారాలు నేను ఖాళీ బెంచీని చూసి లోపలికి పోయేదాన్ని.

రెండోది పరుగు. అక్కడ నన్ను పొడుగు పందెం వైపు పోనివ్వలేదు. పొద్దున్నా సాయంత్రం పొట్టి దూరాలే. వంగి కూర్చోవడం, తుపాకీ మోతకు లేవడం, తల దించి దూకడం. అన్నీ నేర్చుకున్నాను, చెప్పినదంతా చేశాను. కానీ నా ఊపిరి కుదురుకునేసరికి పందెం అయిపోయేది. గీత దాటి ఇంకా ఉరకాలని కాళ్లు కొట్టుకుంటుండగా మిగతా పిల్లలు నడుముల మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ ఉండేవాళ్లు. నాకు రొప్పు కూడా రాలేదంటే నేను ఒళ్లు దాచుకున్నాననే అనుకునేవారు.

కోచ్ సారు చెడ్డవాడు కాదు. కోస్తా జిల్లా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన మనిషి, ఎవరినీ గట్టిగా కసిరేవాడు కాదు. అదే ఇంకా కష్టంగా ఉండేది. నన్ను పక్కకు పిలిచి ఆ రంగుల పుస్తకం ముందు పెట్టి అడిగేవాడు. "మీ నాన్నగారి వేళ్లలో ఇంత వేగం ఉందమ్మా. నీకు రాకుండా ఎక్కడికి పోతుంది? నువ్వు మనసు పెట్టట్లేదు."

ఒకసారి ధైర్యం చేసి, "సార్, నేను పొడుగు పందెం ఉరుకుత" అన్నాను.

"సీటు నీకిచ్చింది దీని మీద. దీన్ని వదిలేస్తే సీటు కూడా వదిలెయ్యాలి. ఏడాది చివర్లో అందరినీ మళ్లీ పరీక్షిస్తారు. నువ్వు వెనకబడితే నేనేం చెయ్యలేను" అన్నాడు.

చెప్పాల్సింది ఒక్కటే వాక్యం. ఆ వేళ్లు మా బాపువి కావు అని. ఆ వాక్యం నోట్లో పెట్టుకుని రెండేళ్లు అన్నం తిన్నాను. అది బయటపడితే నా పరుగు నాకొస్తుందేమో, బాపు నౌకరి మాత్రం పోతుంది. ట్రాలీలో మంచాలు వేసుకుంటున్న ఆ ఇంటివాళ్లు కళ్ల ముందు కదిలేవారు. మొదటి ఏడాది చివర కోచ్ సారు పైవాళ్లను బతిమాలి నన్ను నిలబెట్టాడు. రెండో ఏడాదికి ఆ దారి కూడా మూసుకుపోతున్నదని నాకే తెలుస్తూ ఉంది. విసిగిపోయాను. పదిహేనేళ్ల పిల్ల విసిగిపోవడం ఏమిటని ఎవరైనా అనొచ్చు. విసుగుకు వయసేమీ అక్కర్లేదు.

ఆ రెండో ఏడాదిలోనే అకాడమీ మైదానంలో అందరూ చూడటానికి వీలుగా పోటీలు పెట్టారు. మైదానం కంచె బయట నుంచి చూడొచ్చు, వేలితో పని లేదు. పత్తి ఏరే రోజులు కాబట్టి మామ రాలేకపోయాడు. అవ్వకు జ్వరం. బాపు ఒక్కడే వచ్చాడు. కంచె అవతల జనంలో ఆ రుమాలు నాకు దూరం నుంచే తెలిసింది. నా పొట్టి పందెంలో చివరి నుంచి రెండోదాన్నయ్యాను. తర్వాత పొడుగు పందెం పెట్టారు. నేను అందులో లేను. పక్కన తాడు పట్టుకుని నిలబడి చూస్తున్నాను. పిల్లలు సగం దాటాక అలిసి కాళ్లీడుస్తుంటే, నాకు తెలియకుండానే నా కాళ్లు ఉన్నచోటే కదులుతున్నాయట. అది నేను గమనించలేదు. బాపు గమనించాడు.

పోటీలయ్యాక వాచ్‌మన్ వచ్చి, నీ కోసం ఎవరో వచ్చారు, వేలు కలవట్లేదు, వెళ్లనంటున్నాడు అని చెప్పాడు. గేటు దగ్గరికి పరుగెత్తాను. మిషన్ మీద ఎర్ర లైటు వెలుగుతూ ఉంది. బాపు వేలు ఇంకా దాని మీదే ఉంది. అన్నేళ్లు ఎక్కడా వేలు పెట్టకుండా తప్పించుకున్న మనిషి తనంతట తాను పెట్టాడు. గొడవ విని కోచ్ సారు వచ్చాడు. ఆయన వెంట, మా కార్మికుల పిల్లల్ని చూడటానికి ఆ రోజు వచ్చిన కంపెనీ ఆటల ఆఫీసరు కూడా ఉన్నాడు. ఆ ఆఫీసరు ఎవరో బాపుకు తెలియదు. నాకు తెలుసు.

"సార్, మా పిల్ల పొట్టి పందెం పిల్ల గాదు. మీరు సూసిన వేళ్లు..." అని బాపు మొదలుపెట్టాడు. గొంతు గట్టిగానే ఉంది. చెప్పెయ్యడానికే వచ్చాడని నాకు ఆ గొంతులోనే అర్థమైంది.

"మీరెవరండీ?" అన్నాడు కోచ్ సారు. బాపు జవాబు చెప్పేలోపే నా వైపు తిరిగాడు. "ఎవరమ్మా ఈయన?"

ఆఫీసరు కూడా నన్నే చూస్తున్నాడు. బాపు నన్ను చూస్తున్నాడు.

"మా మామ సార్" అన్నాను.

బాపు వేలు మిషన్ మీది నుంచి తీశాడు. ఒక్క క్షణం ఎర్ర లైటు వైపు చూశాడు. తర్వాత కోచ్ సారు పక్కనున్న మనిషి చొక్కా జేబు మీద కంపెనీ గుర్తు చూశాడు. భుజాలు కిందికి దిగాయి.

"అవు సార్. మామను. పిల్ల మీది పావురంతోని వచ్చిన" అన్నాడు. మళ్లీ తనే, "దాని తండ్రికి వేగం ఉన్నదేమో నాకు తెల్వది సార్. దీనికి మాత్రం దమ్మున్నది. ఒక్కసారి పొడుగు పందెం ఉరికించి సూడున్రి" అన్నాడు.

కోచ్ సారు మర్యాదగానే నవ్వాడు. "అభిమానంతో అంటున్నారు, అర్థమైంది. కానీ ఇలాంటివి వాళ్ల నాన్నగారు వచ్చి చెప్పాలండీ."

"అట్లనే సార్. చెప్త ఆయనకు" అన్నాడు బాపు.

చేతిలో ఉన్న డబ్బా గేటు సందులోంచి నాకిచ్చాడు. మక్క గుడాలు, తనే ఉడకబెట్టినట్టున్నాడు, ఉప్పు ఎక్కువైంది. సార్లిద్దరూ అక్కడే నిలబడ్డారు కాబట్టి, "పైలంగ పో మామా" అన్నాను. తలూపి రోడ్డు దాటాడు. చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చోకుండానే బస్సెక్కాడు.

పత్తి పనులయ్యాక మామ వచ్చి, బాపు నేర్పించిన మాటలన్నీ కోచ్ సారు ముందు అప్పజెప్పాడు. "మీ వేళ్లే కదండీ వేగం ఉందంటున్నాయి" అన్నాడు సారు. మామ తన వేళ్లు చూసుకుంటూ లేచి వచ్చేశాడు. ఆ ఏడాది చివర నా సీటు పోయింది. ఇంటికొచ్చి, చదువు ముగించి, ఆటల టీచరు శిక్షణ పూర్తి చేశాను. గోదావరి రోడ్డు మీద కొన్నాళ్లు ఉరికాను. పోటీలకు వయసు దాటిపోయింది. దమ్ము ఇప్పటికీ ఉంది, దానితో చెయ్యడానికి పనేమీ లేదు.

తెలంగాణ వచ్చింది. ఆ సంబురాల్లోనే మారుపేర్ల వాళ్లకు అసలు పేర్లు ఇస్తారని బాయిల మీద మాట లేచింది. యూనియన్ వాళ్లు వచ్చి బాపును కూడా అడిగారు. బాపుకు అప్పటికి నౌకరి నుంచి దిగిపోయే వయసు దగ్గరపడింది, మెట్లెక్కితే దగ్గు. వాళ్లు పోయాక, పేరు మార్పించుకో బాపూ అన్నాను. నా కాగితాల మీద కూడా సరిచేయించుకుంటానన్నాను.

"చేపిద్దాంలే" అన్నాడు. మంచం మీద వెనక్కి వాలి కాసేపు కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"ఆ పొద్దు గేటు కాడ నేను ఆగమైన బిడ్డ. అంత చెప్పేద్దామనే పోయిన. నువ్వు తెలివితోని మామ అన్నవు. లేకుంటే అందరం రోడ్డు మీద పడుదుము. మస్తు మంచిగ జేసినవ్" అన్నాడు.

మండలంలో గెలిచినప్పుడు గానీ, క్యాంపులో గెలిచినప్పుడు గానీ బాపు నన్ను ఇంతగా మెచ్చుకోలేదు. నేను లేచి ఆయనకు దగ్గు మందు పోసిచ్చాను.